పెద్దల మనసు నొప్పించకుండా గ్రూపులో వదంతులను ఆపడం ఎలా?

ప్రశ్న: సైదాపేట నివాసి

గౌరవ సభ్యులకు నమస్కారం. మేము ఇరవై ఏళ్లుగా చెన్నైలోని సైదాపేటలో, అడయారు నదికి నడిచి వెళ్లేంత దూరంలో ఉంటున్నాము. చుట్టుపక్కల వీధుల్లోని తెలుగు కుటుంబాలన్నీ కలిసి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంది. అందులో నూట ఎనభై మందికి పైగా సభ్యులున్నారు. ముగ్గురు అడ్మిన్లలో నేనొకదాన్ని. ఉగాదికి వేపపువ్వు ఏ బజారులో దొరుకుతుందన్న మాట మొదలుకొని ఎవరింట్లో పెళ్లి, ఎవరికి రక్తం కావాలి అన్నంతవరకు అన్నీ మాకు అందులోనే తెలుస్తాయి గనుక దాన్ని మూసేయాలన్న ఆలోచన ఎవరికీ లేదు.

కిందటి కార్తీక మాసంలో రెండు రోజులు ఎడతెరిపి లేకుండా వాన కురిసింది. రెండో రోజు రాత్రి పదకొండు గంటల వేళ గ్రూపులోకి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. అడయారులోకి నీరు వదిలే చెంబరంబాక్కం జలాశయం గేట్లన్నీ ఎత్తేశారని, రెండు గంటల్లో నీరు సైదాపేటకు చేరుతుందని, కింది అంతస్తుల వాళ్లు వెంటనే ఖాళీ చేయాలని ఒక మగ గొంతు కంగారుగా తమిళంలో చెబుతోంది. పది నిమిషాలు గడవకముందే అదే మెసేజ్‌ను మరో నలుగురు సభ్యులు పంపారు. కరెంటు లేని ఆ చీకట్లో, మా పక్క భవనంలో ఉండే డెబ్బై ఏళ్లు దాటిన పెద్దావిడ మందుల సంచి పట్టుకుని మెట్లు దిగబోయి జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఈనాటికీ చేతికర్ర లేనిదే ఆవిడ నాలుగడుగులు వేయలేకపోతున్నారు. తెల్లవారి చూస్తే నది గట్టు దాటనే లేదు. మా అబ్బాయి విచారిస్తే, అదే గొంతు మూడేళ్ల కిందటి వానల్లో కూడా వాళ్ల స్నేహితుల గ్రూపులో తిరిగిందని తేలింది.

ఆ రాత్రి నుంచి నేను ఏ ఫార్వర్డునూ చూసీచూడనట్టు వదిలేయడం లేదు. అయితే దానివల్ల ఇంకో కష్టం వచ్చింది. మా మామగారి చిరకాల మిత్రులు ఒకరు, నిమ్మరసంలో వంటసోడా కలుపుకుని తాగితే క్యాన్సరు నయమవుతుందన్న పోస్టు పెట్టారు. దాని కింద నేను నిజనిర్ధారణ సంస్థ లింకు పెట్టి, "ఇది అబద్ధం, దయచేసి సరిచూసుకుని పెట్టండి" అని రాశాను. ఆయన ఒక్క మాటా అనకుండా గ్రూపు వదిలి వెళ్లిపోయారు. ఆయనతో పాటు మరో ఇద్దరు పెద్దవాళ్లు కూడా వెళ్లారు. మా అత్తగారు ఇప్పటికీ ఆ విషయం తలచుకుని బాధపడుతున్నారు. చెప్పకపోతే ఎవరి ప్రాణం మీదికి వస్తుందోనన్న భయం, చెబితే ముప్పై ఏళ్ల స్నేహం చెడుతుందన్న దిగులు, ఈ రెంటి మధ్యా నలిగిపోతున్నాను. మళ్లీ వానలు మొదలయ్యేలోగా మా గ్రూపు వరకైనా ఒక పద్ధతి ఏర్పాటు చేసుకోవాలని ఉంది. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయుడు, పెరంబూరు

అమ్మా, ఆ పెద్దావిడ పడిన కష్టం చదివి మనసు కలుక్కుమంది. పద్ధతి సంగతికి ముందు ఒక మాట చెప్పనివ్వండి. ఆ రాత్రి ఆ మెసేజ్ పంపిన నలుగురినీ తెలివితక్కువవారుగా చూడవద్దు. 2015 డిసెంబరు 1న చెంబరంబాక్కం నుంచి సెకనుకు 29,000 ఘనపుటడుగుల నీరు వదిలారు. నది ఒడ్డున ఉన్న వేల కుటుంబాలకు ఆ సంగతి నీళ్లు గుమ్మంలోకి వచ్చాకే తెలిసింది. ఆనాటి నీటి విడుదల తీరును తప్పుపడుతూ, ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ ఇచ్చిన నివేదిక 2018లో శాసనసభ ముందుకు కూడా వచ్చింది. ముందస్తు మాట లేకుండా ఒకసారి ఇంట్లోకి నీరు వచ్చినవాళ్లు, ఆ తర్వాత ఎవరు ఏం చెప్పినా లేచి పరుగెత్తుతారు. అది భయస్తుల లక్షణం కాదు; దెబ్బతిన్నవాళ్ల జాగ్రత్త. ఆ జాగ్రత్తనే వదంతి వాడుకుంటుంది.

రెండో సంగతి. మనకు చేరే తప్పుడు మాటల్లో చాలావరకు పూర్తి అబద్ధాలు కావు, కొలత చెప్పని నిజాలు. చెంబరంబాక్కం పూర్తి నీటిమట్టం 24 అడుగులు, నిల్వ 3.645 టీఎంసీలు. 2020 నవంబరు 25న నివర్ తుఫాను వేళ నీరు 22 అడుగులకు చేరగానే ముందుగా ప్రకటించి, మొదట 1,000 క్యూసెక్కులు, అంటే సెకనుకు వెయ్యి ఘనపుటడుగులు మాత్రమే వదిలారు. "గేట్లు ఎత్తారు" అన్న వాక్యం ఆ రోజూ నిజమే, 2015లోనూ నిజమే; కానీ వెయ్యికీ ఇరవై తొమ్మిది వేలకూ మధ్య ఉన్న తేడా ఆ వాక్యంలో ఎక్కడా లేదు. కాబట్టి మీ సభ్యులకు నేర్పవలసిన మొదటి ప్రశ్న "ఇది నిజమా?" అన్నది కాదు, "ఎంత? ఎప్పుడు? ఎవరు చెప్పారు?" అన్నది. చెన్నై నీటి సరఫరా బోర్డు వారి వెబ్‌సైటులో పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం జలాశయాల మట్టాలు ఏ రోజుకారోజు కనిపిస్తాయి. నేను ప్రతి వానాకాలం వాటిని నోట్‌పుస్తకంలో రాసుకుంటాను.

"అబద్ధం" అన్న మాట వాడే ముందు కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. 2015 వరదల్లో మొసళ్ల పెంపక కేంద్రం నుంచి మొసళ్లు తప్పించుకున్నాయని పుకారు పుట్టింది. ఆ కేంద్రం వారు అదేమీ లేదని ప్రకటించవలసి వచ్చింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను సమయంలో పెరుంగళత్తూరులో రోడ్డు దాటుతున్న మొసలి వీడియో వచ్చినప్పుడు, పాత అనుభవంతో ఇదీ పుకారేనని నేను మా మనవడితో అన్నాను. అది నిజమైన మొసలే. ఆ ప్రాంతపు చెరువుల్లో మొసళ్లు సహజంగానే ఉంటాయని అటవీ శాఖ కార్యదర్శే చెప్పారు. ఆ రోజు నుంచి నేను "ఇంకా నిర్ధారణ కాలేదు" అన్న మాటనే వాడుతున్నాను. అలా అన్నప్పుడు ఎదుటివారి పరువూ పోదు, మన మాట పొరపాటైనా వెనక్కి తీసుకోవలసిన అవసరమూ రాదు.

జవాబు: సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, షోళింగనల్లూరు

మాస్టారు చెప్పినది మనుషుల వైపు నుంచి సరైనదే. నేను యంత్రాంగం వైపు నుంచి కొంత చెబుతాను, ఎందుకంటే దీని పర్యవసానం నేను బెంగళూరులో కళ్లారా చూశాను. 2012 ఆగస్టులో ఈశాన్య రాష్ట్రాల వారిపై దాడులు జరగబోతున్నాయని ఎస్సెమ్మెస్‌లు, పాత చిత్రాలు చేతులు మారాయి. నాలుగైదు రోజుల్లో వేలమంది చేతికందిన సంచితో సిటీ రైల్వే స్టేషనుకు చేరారు; గౌహతికి ప్రత్యేక రైళ్లు వేయవలసి వచ్చింది. మా గదిలో ఉన్న అస్సాం మిత్రుడు వెళ్లేముందు తన తాళంచెవి నా చేతిలో పెట్టిన క్షణం నేను మరచిపోలేను. అప్పుడు కేంద్ర ప్రభుత్వం దేశమంతటా పదిహేను రోజుల పాటు ఒకేసారి ఐదుగురికి మించి ఎస్సెమ్మెస్ పంపకుండా ఆపింది. 2018 మే నెలలో అదే నగరంలో, చామరాజపేట ప్రాంతంలో, పిల్లలను ఎత్తుకుపోయేవాడన్న అనుమానంతో పొట్టకూటికి వచ్చిన రాజస్థాన్ యువకుడిని గుంపు కొట్టి చంపింది. ఆ జూలై 1న మహారాష్ట్ర ధూళే జిల్లా రెయిన్‌పాడాలో ఐదుగురు అలాగే బలయ్యారు. ఆ రోజుల్లో దేశమంతా తిరిగిన వీడియోల్లో ఒకటి, పిల్లల భద్రతపై కరాచీలో తీసిన ప్రచార చిత్రం. ఎత్తుకెళ్లిన పిల్లవాణ్ని తిరిగి దించి, హెచ్చరిక బోర్డు చూపించే చివరి భాగాన్ని ఎవరో కత్తిరించారు. దానికి అంతకన్నా పెద్ద సాంకేతిక నైపుణ్యమేమీ అవసరం కాలేదు.

ఆ మరణాల తర్వాతే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డును ఐదు చాట్లకు పరిమితం చేసింది. 2020 ఏప్రిల్ నుంచి, ఐదు చేతులు దాటి వచ్చిన సందేశాన్ని ఒక్కసారికి ఒక్క చాట్‌కే పంపే వీలుంచింది. అలాంటి సందేశాల వ్యాప్తి ఆ తర్వాత 70 శాతం తగ్గిందని ఆ సంస్థే ప్రకటించింది. మీ గ్రూపులో జంట బాణాల గుర్తుతో వచ్చేవి అవే. అయితే ఒక లొసుగు ఉంది: ఆడియోనో వీడియోనో ఫోనులోకి దించుకుని కొత్తగా పంపితే ఆ బాణాలు కనబడవు. కాబట్టి బాణాలుంటే అనుమానించాలి గానీ, బాణాలు లేనంత మాత్రాన నమ్మకూడదు.

వేగం గురించి కూడా తెలుసుకోవడం మంచిది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006 నుంచి 2017 దాకా ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలించి 2018లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. 1,500 మందిని చేరడానికి అబద్ధపు కథనానికి పట్టినదానికి సుమారు ఆరు రెట్ల సమయం నిజమైన కథనానికి పట్టింది. యంత్రాలు నడిపే ఖాతాలను లెక్కలోంచి తీసేసినా ఫలితం మారలేదు. అంటే పరుగు పెట్టించింది మనుషులే, కొత్తదనం మీద మనకున్న మోజే. 2021లో నేచర్ పత్రికలో వచ్చిన మరో అధ్యయనం కొంత ఊరటనిస్తుంది: చాలామంది అబద్ధమని తెలిసి పంచుకోవడం లేదు, పంచుకునే క్షణంలో నిజానిజాల మీద వారి ధ్యాస ఉండడం లేదు. ఆ ధ్యాసను ఒక్కసారి గుర్తుచేసినా పంచుకునే వార్తల నాణ్యత మెరుగుపడింది.

నా సలహా ఏమిటంటే, వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ ఇచ్చిన రోజుల్లో గ్రూపును అడ్మిన్లు మాత్రమే రాయగలిగేలా మార్చండి. వాన తగ్గాక మామూలుగా తెరవండి. ఫొటో ఏదైనా అనుమానంగా ఉంటే గూగుల్ లెన్స్‌లో వెతికితే పాతదో కొత్తదో చాలాసార్లు నిమిషంలో తేలుతుంది. తెలుగులో ఫ్యాక్ట్‌లీ, తమిళంలో యూటర్న్ వంటి నిజనిర్ధారణ సంస్థల పేజీలను అడ్మిన్లు ముగ్గురూ చూస్తూ ఉండటం మంచిది.

జవాబు: న్యాయవాది, చూళైమేడు

చట్టం గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే "పోలీసులకు చెబుతాం" అని గ్రూపుల్లో బెదిరించడం ఈ మధ్య ఎక్కువైంది. సభ్యుడు పెట్టిన అభ్యంతరకరమైన పోస్టుకు కేవలం అడ్మిన్ అయినందుకు బాధ్యులు కారని కేరళ హైకోర్టు 2022లో స్పష్టం చేసింది. కనుక ఆ భయంతో గ్రూపు మూయవలసిన పని లేదు. విపత్తు గురించి తప్పుడు హెచ్చరిక పుట్టించి లేదా ప్రచారం చేసి జనాన్ని భయాందోళనలకు గురిచేస్తే, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలోని 54వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. భారతీయ న్యాయ సంహితలోని 353వ సెక్షన్ కింద శిక్ష ఇంకా ఎక్కువ. అయితే నిజమని నమ్మడానికి తగిన కారణం ఉండి, దురుద్దేశం లేకుండా సద్భావంతో పంపినవారికి ఆ 353లోనే మినహాయింపు ఉంది. మీ మామగారి మిత్రుల వంటివారి మీదికి చట్టాన్ని తేవడం న్యాయమూ కాదు, ప్రయోజనమూ లేదు.

ఏది నిజమో తేల్చే అధికారాన్ని పూర్తిగా ప్రభుత్వానికి అప్పగించడమూ మంచిది కాదని నా అభిప్రాయం. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరంగా రాస్తే శిక్షించే ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను 2015లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. కేంద్రం తన గురించిన వార్తలను తానే తప్పని తేల్చేందుకు పెట్టుకున్న నిబంధనను 2024 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు కొట్టివేసింది. కానీ ప్రభుత్వం తన వంతు మాట వెంటనే చెప్పడం వేరు. 2023 మార్చిలో తమిళనాడులో బీహారు కార్మికులపై దాడులంటూ ఎక్కడెక్కడివో వీడియోలు తిరిగినప్పుడు, రాష్ట్ర డీజీపీ స్వయంగా వీడియోలో మాట్లాడి ఖండించారు. బీహారు నుంచి అధికారుల బృందం వచ్చి చూసి వెళ్లింది. ఆ మాట ఎంత ఆలస్యమైతే అన్ని కుటుంబాలు రైలెక్కి ఉండేవి.

జవాబు: ఆవడి నుంచి ఒక సభ్యురాలు, స్వస్థలం అలంపూరు

షోళింగనల్లూరు సోదరుని సలహాలో ఒక్కదానితో నేను ఏకీభవించలేను. వాన రోజున గ్రూపును మూస్తే, భయపడిన మనిషి మాట్లాడడం మానడు. వేరే గ్రూపులో మాట్లాడతాడు. అక్కడ మీరుండరు. వదంతి మీ కళ్లముందు నడిస్తేనే మీరు దానికి జవాబు చెప్పగలరు.

మా జోగుళాంబ గద్వాల జిల్లాలో 2018 ఎండాకాలంలో జరిగింది చెబుతాను. పార్థీ ముఠా అనే దొంగల గుంపు దిగిందని, పిల్లలను ఎత్తుకెళ్తున్నారని, మనుషులను చంపి అవయవాలు తీస్తున్నారని ఫోన్లలో దారుణమైన వీడియోలు తిరిగాయి. వేసవిలో ఆరుబయట మంచాలు వేసుకునే ఊళ్లు చీకటి పడకముందే తలుపులు వేసుకున్నాయి. మా పెద్దమ్మ వాళ్ల ఊళ్లో కుర్రాళ్లు కర్రలు పట్టుకుని రాత్రిళ్లు కాపలా తిరిగారు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గారు కేసులతోనే సరిపెట్టలేదు. ఒక్కో ఊరికి ఒక్కో పోలీసును కేటాయించి, వారి ఫోను నంబర్లు ఊరివాళ్లకిచ్చి, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో వారిని చేర్పించారు. డప్పు కొట్టించి, దండోరా వేయించి, జానపద కళాకారుల చేత ఊరూరా పాటలు పాడించారు. చుట్టుపక్కల రాష్ట్రాల్లో ప్రాణాలు పోతున్న ఆ రోజుల్లో మా దగ్గర ఒక్క ప్రాణమూ పోలేదు. నేను ఆలోచించుకున్నది ఏమిటంటే, అక్కడ పనిచేసింది వివరణ కన్నా ఆ వివరణ వచ్చిన దారి. పుకారు ఏ గ్రూపులో వచ్చిందో జవాబూ అందులోనే వచ్చింది, పేరూ ముఖమూ తెలిసిన మనిషి నుంచి వచ్చింది.

పరిశోధనల్లో కూడా ఇలాంటిదే కనబడింది. 2019 ఎన్నికల వేళ సుమిత్రా బద్రీనాథన్ అనే పరిశోధకురాలు బీహారులో ఇంటింటికీ వెళ్లి గంటసేపు శిక్షణ ఇప్పిస్తే, మొత్తం మీద చెప్పుకోదగిన మార్పు రాలేదు. ఆవిడే మరొకరితో కలిసి మన దేశంలోని వాట్సాప్ సంభాషణల తరహాలో చేసిన ఇంకో అధ్యయనంలో, తోటి సభ్యుడు "ఇది నిజం కాదనుకుంటాను" అని చెప్పినా నమ్మకం తగ్గింది; దానికి పెద్ద ఆధారాలు జోడించినా, జోడించకపోయినా ఫలితంలో పెద్ద తేడా లేదు. కాబట్టి, అక్కా, మీరు పెట్టిన లింకు తప్పు కాదు గానీ, ఆ లింకు కన్నా మీ మాటకే బలం ఎక్కువ. వంటసోడా విషయంలో గ్రూపులో రాయకుండా ఆయనకు విడిగా ఫోను చేసి, "బాబాయిగారూ, ఇది నమ్మి ఎవరైనా చికిత్స మానేస్తే ప్రమాదం, మీరే తీసేస్తే బాగుంటుంది" అని ఉంటే తీసేసేవారేమో. కానీ గేట్ల మెసేజ్ లాంటిదానికి విడిగా చెప్పే వ్యవధి ఉండదు. అక్కడ గ్రూపులోనే, వెంటనే, అదే తీరులో జవాబు వెళ్లాలి. గొంతుతో వచ్చిన భయానికి అక్షరాలతో రాసిన జవాబు సరిపోదు, ఎందుకంటే అద్దాలు లేనిదే చదవలేని పెద్దవాళ్లు చీకట్లో ఆడియోనే వింటారు. పరిచయమున్న పెద్ద గొంతుతో తెలుగులో అరనిమిషం చెప్పించండి.

ప్రశ్న అడిగిన సభ్యురాలు, పది రోజుల తర్వాత

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులు మిగతా ఇద్దరు అడ్మిన్లకూ చదివి వినిపించాను. గ్రూపును మూయకూడదని నిర్ణయించుకున్నాం. వానాకాలమంతా ప్రతిరోజూ సాయంత్రం ఏడు గంటలకు చెంబరంబాక్కం మట్టం ఎన్ని అడుగులు, ఎంత నీరు వస్తోంది, ఎంత వదులుతున్నారు అన్న మూడు అంకెలనూ మేమే చెబుతాము. వాన లేని రోజున కూడా చెబితేనే, వాన ఉన్న రోజు జనం ఆ మాట కోసం చూస్తారని మాస్టారి నోట్‌పుస్తకం సంగతి చదివాక అనిపించింది. కార్పొరేషన్ వారి 1913, రాష్ట్ర విపత్తు కేంద్రం వారి 1070 నంబర్లను గ్రూపు వివరాల్లో పెట్టాము. జారిపడిన పెద్దావిడ కుటుంబాన్ని అడిగి, వారి అనుమతితో ఆ రాత్రి జరిగినది పేరు చెప్పకుండా గ్రూపులో రాశాను. ఆ ఆడియో పంపిన నలుగురిలో ఇద్దరు నాకు ఫోను చేసి చాలాసేపు మాట్లాడారు.

మొన్న ఆదివారం మా అత్తగారిని వెంటబెట్టుకుని మామగారి మిత్రుల ఇంటికి వెళ్లాను. అందరి ముందూ అలా రాసినందుకు క్షమించమని అడిగాను. వంటసోడా సంగతి మాత్రం తప్పేనని, మా చిన్నమ్మ అలాంటి మాటలు నమ్మే ఆసుపత్రికి ఆలస్యంగా వెళ్లిందని చెప్పాను. ఆయన కాసేపు మౌనంగా ఉండి, ఆ పోస్టును తనకు పంపినవారికి కూడా ఈ మాట చెబుతానన్నారు. సాయంత్రం ఏడు గంటల కబురు మీ గొంతుతో చెప్పగలరా అని అడిగాను. నలభై ఏళ్లు వీధి భజనల్లో అందరూ విన్న గొంతు అది. వెంటనే ఒప్పుకోలేదు. ఆ అంకెలు ఎక్కడి నుంచి తీస్తారో చూపించమన్నారు, క్యూసెక్కు అంటే ఎంతో అడిగి తెలుసుకున్నారు. చివరికి, "నాకు ఒంట్లో బాగాలేని రోజున ఎవరు చెబుతారు? ఒక్క రోజు కబురు రాకపోతే జనం ఏదో అయిందనుకుంటారు కదా" అన్నారు. ఆ రెండో గొంతు కోసం ఇప్పుడు వెతుకుతున్నాము.